పాజ్‌కి "ఆపివేయి"నా, "ఆపి ఉంచు"నా? పోతన గంటం ఏమైంది?

ప్రశ్న పెట్టినవాణ్ణి:
వర్చువల్ మెషిన్లు (ఒక కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు) నడిపే ఒక సాఫ్ట్‌వేర్ మెనూని తెలుగు చేస్తున్నాను. మిగతావన్నీ ఎలాగో గట్టెక్కాయి గానీ పాజ్, సస్పెండ్, సేవ్ స్టేట్, రెజ్యూమ్, ఈ నాలుగింటి దగ్గర బండి కదలట్లేదు. ప్రస్తుతానికి పాజ్‌కి "ఆపివేయి", రెజ్యూమ్‌కి "పునర్‌ప్రారంభించు" అని పెట్టాను, రెండూ నాకే నచ్చలేదు. దీనికి తోడు ఇంకో మాట నన్ను వారం నుంచి తినేస్తోంది. "అల వైకుంఠపురంబులో" దగ్గర పద్యం సాగక పోతన లేచి వెళ్లిపోవడం, మిగతాది రాముడొచ్చి పూరించడం, ఆ కథ తెలుసుగా. అది చెప్పేటప్పుడు మా తెలుగు మాస్టారు "గంటం ఏదో చేసి వెళ్లాడు" అనేవారు. ఆ "ఏదో" గుర్తు రావట్లేదు. కింద పెట్టి కాదు, పక్కన పెట్టి కాదు. ఆపాడు గానీ అయిపోలేదు అనే భావం ఒక్క మాటలో ఉండేది. నాకు పాజ్‌కి కావలసింది సరిగ్గా అదే. ఎవరికైనా తడుతోందా?

అరసున్న:
ముందు ఆ "పునర్‌ప్రారంభం" తీసేయండి బాబూ, కళ్లు మండుతున్నాయి. అచ్చో, జ, ద లాంటి అక్షరమో వస్తే రేఫ: పునరాగమనం, పునర్జన్మ. ప ముందు విసర్గ విసర్గగానే ఉంటుంది, పునఃప్రారంభం. లేదంటే పునరారంభం అనండి. ఈ మధ్య రకం ఎక్కడినుంచి ఊడిపడిందో!

కొండగుర్తు:
విసర్గ సరిచేసినా అర్థం సరికాదు అరసున్న గారూ. పునఃప్రారంభం అంటే మళ్లీ మొదటినుంచి, అది రీస్టార్ట్. మెషిన్‌ని రెజ్యూమ్ చేస్తే సగం టైప్ చేసి వదిలేసిన మాట అక్కడే ఉంటుంది, చివరి అక్షరం పక్కన కర్సర్ ఏమీ జరగనట్టు మిణుకుతూ ఉంటుంది. దానికి "కొనసాగించు", ఇక వేరే మాట వెతకక్కర్లేదు. "ఆపివేయి" అయితే ఇంకా ప్రమాదం. లైటు ఆపెయ్, ఫ్యాన్ ఆపెయ్ అంటే ఏం చేస్తాం? నేనొకసారి ఎవరో తెలుగు చేసిన మెనూలో "ఆపు" చూసి పాజ్ అనుకుని నొక్కాను, అది పవర్ ఆఫ్. సేవ్ చెయ్యని పనంతా గంగపాలు. మన భాషలో తేడా అంతా చివరొచ్చే చిన్న క్రియలో ఉంది. "వేయు" తలుపు మూసి గడియ పెడుతుంది, "ఉంచు" ఓరగా వేసి వదులుతుంది. కాబట్టి పాజ్ అంటే "ఆపి ఉంచు".

నత్తగుల్ల:
"ఆపు" ఒక్కటే చాలదా? క్యూఈఎంయూ అని వర్చువల్ మెషిన్లు నడిపేదే ఇంకోటి ఉంది, దానికి కమాండ్లు కొట్టే మానిటర్‌లో పాజ్ చెయ్యడానికి ఇచ్చే కమాండ్ "స్టాప్"యే, తిరిగి నడపడానికి "కాంట్". ఇంగ్లీషువాళ్లకి లేని పట్టింపు మనకెందుకు.

కొండగుర్తు:
మానిటర్‌లో కమాండ్ కొట్టేవాడికి ఏం చేస్తున్నాడో తెలుసండీ. మెనూ చూసి నొక్కేవాడికి తెలియదు.

తాటాకు:
"ఉంచు" బాగుంది, కానీ ఎక్కడ ఉంచడం? పాజ్‌లో ఆగేది ప్రాసెసర్ మాత్రమే. మెమరీ అంతా హోస్ట్, అంటే బయటున్న అసలు కంప్యూటర్, దాని ర్యామ్‌లోనే తిష్ఠ వేసుకుని ఉంటుంది, ఈలోగా హోస్ట్ రీబూట్ అయితే అదీ పోయినట్టే. సేవ్ స్టేట్‌లో ఆ ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద ఫైల్‌గా దిగుతుంది, హోస్ట్ కట్టేసినా ఫర్వాలేదు. ఇక సస్పెండ్ సంగతి, అది ఇంగ్లీషులోనే ఒక మాట మీద నిలబడదు. విఎంవేర్‌లో సస్పెండ్ అంటే డిస్క్‌కి రాసి పెట్టడం. లిబ్‌వర్ట్ వాళ్ల కమాండ్ పనిముట్టు విర్ష్‌లో సస్పెండ్ అంటే ఉత్త పాజ్. అక్కడ డిస్క్‌కి రాయాలంటే "సేవ్", తిరిగి తేవాలంటే "రిస్టోర్". మీ సాఫ్ట్‌వేర్ ఏ సంప్రదాయమో తేలకుండా తెలుగు మాట వెతికి లాభం లేదు.

మిట్టమధ్యాహ్నం:
మూడో సస్పెండ్ మర్చిపోయారు తాటాకు గారూ. గెస్ట్, అంటే లోపల నడిచే మెషిన్, తనంతట తాను నిద్రపోవడం, విర్ష్‌లో "పీఎం సస్పెండెడ్" అని కనిపిస్తుంది. నిద్రపోయినవాడికి తను నిద్రపోయిన సంగతి తెలుస్తుంది. పాజ్ అయిన గెస్ట్‌కి ఏదీ తెలియదు, లేచేసరికి చాలాసార్లు గడియారం వెనకబడి ఉంటుంది, అవతలి సర్వర్ ఎదురుచూసి చూసి కనెక్షన్ తెంచేసుకుని ఉంటుంది. దీనికి గజేంద్రుడి మాటే సరి, "మూర్ఛ వచ్చె". మెనూలో "మూర్ఛపుచ్చు" అని పెట్టండి, చచ్చినా ఎవరూ పొరపాటున నొక్కరు.

నత్తగుల్ల:
విరామానికి మనకి "యతి" అనే చక్కటి మాట ఉండగా ఇన్ని తిప్పలెందుకు?

అరసున్న:
యతి విరామం సంస్కృతంలో. మన పద్యాల్లో అది అక్షర మైత్రి, అక్కడ ఆగక్కర్లేదు, మాట విరగక్కర్లేదు. పోతన ఆగిన ఆ మత్తేభ పద్యమే చూడండి, "అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దా", మొదటి "అ"కి 14వ అక్షరం "నా"లోని ఆకారం చెల్లింది, ఆ "నా మూల" దగ్గర ఎవరైనా ఊపిరి తీసుకుంటారా? అసలు ఈ పద్యంలో పాదం చివర కూడా ఆగలేం. మొదటి పాదం "దా" దగ్గర తెగుతుంది, "పల" రెండో పాదంలో. రెండోది "లో" దగ్గర తెగి "త్పల" కిందికి పోతుంది, మూడోది "వి", "హ్వల". నాలుగు పాదాలూ ఒకే ఊపిరి.

తాటాకు:
అయితే పోతన ఆగింది ఏ అక్షరం దగ్గర? నా లెక్కలో "దా" దగ్గరే. సగం మాట మీద ఆగాడు, వచ్చినవాడు "పల" అని అందుకున్నాడు. గణాలు, యతి, "అల"తో పడ్డ ల-ప్రాస, కావలసినదంతా ఆ ఒక్క పాదంలోనే ఉంది. స్టేట్ ఫైల్ అంటే అది.

అరసున్న:
కథ చెప్పేవాళ్లంతా "దాపల" దాకా అంటారు.

తాటాకు:
కథ చెప్పేవాళ్లు పాదం లెక్కపెట్టరు కదండీ. నాకు ఎప్పుడూ వేరే అనుమానం. పోతన తిరిగొచ్చి ఆకు చూడకుండా, బుర్రలో ఉన్న పాత పద్యంతో మళ్లీ రాయడం మొదలుపెట్టి ఉంటే? మన మెషిన్ల డిస్క్ పాడయ్యేది ఇలాగే. స్టేట్ సేవ్ చేశాక అదే డిస్క్‌ని ఇంకో దారిన బూట్ చేసి ఫైళ్లు మార్చి, తర్వాత పాత స్టేట్‌ని లేపితే, ఆ మెమరీకి పాత డిస్కే గుర్తుంటుంది, కొత్తదాని మీద పాతది రాసేస్తుంది.

మిట్టమధ్యాహ్నం:
ఇంతకీ "దాపల" అంటే దగ్గర అనేగా?

అరసున్న:
ఎడమ పక్క. దాపటి ఎద్దు, వలపటి ఎద్దు వినలేదా?

మిట్టమధ్యాహ్నం:
విన్నాను గానీ దాపు అంటే దగ్గర కూడా. వైకుంఠంలో కుడి ఎడమలు ఎటునుంచి చూసి చెప్పాడంటారు?

ప్రశ్న పెట్టినవాణ్ణి:
అందరికీ థాంక్స్ అండీ. పాజ్‌కి "ఆపి ఉంచు", రెజ్యూమ్‌కి "కొనసాగించు", సేవ్ స్టేట్‌కి "స్థితిని భద్రపరచు" అని రాసేశాను. మా సాఫ్ట్‌వేర్‌లో సస్పెండ్ డిస్క్‌కే రాస్తుందని ఇప్పుడే చూశాను, అయితే సేవ్ స్టేట్‌కీ దానికీ తేడా ఏంటో దాన్ని రాసినవాళ్లనే అడగాలి, అందాకా ఆ గడి ఖాళీ. మాస్టారి మాట మాత్రం దొరకలేదు. "గంటం నిలవేసి" అనేవారేమో అనిపిస్తోంది, కానీ అందులోనూ "వేసి" ఉందిగా కొండగుర్తు గారూ, మీ లెక్కన గడియ పడిపోవాలి.

కొండగుర్తు:
నిలవ ఉండగా గడియ ఎలా పడుతుంది? అక్కడ "వేయు"ది వేరే అర్థం. రేపు తీరిగ్గా రాస్తాను.

నత్తగుల్ల:
గంటం కాదు, ఘంటం. వత్తు ఉంది.

అరసున్న:
లేదు.