పింటరెస్ట్‌లో బొమ్మను దాచుకుంటున్నారు, సైటుకు మాత్రం రావడం లేదు

లక్కపిడత (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం):

అందరికీ నమస్కారం. ఏటికొప్పాక లక్కబొమ్మల గురించి రాస్తూ, అక్కడి కళాకారుల దగ్గర కొన్న బొమ్మలను అమ్ముతూ మేము ఒక చిన్న వెబ్‌సైటును నడుపుతున్నాము. గూగుల్ నుంచి వచ్చేవారు తక్కువ కావడంతో, బొమ్మ కంటితో చూసి ఇష్టపడవలసిన వస్తువు కదా అన్న ఆలోచనతో ఆరు నెలల కిందట, ఫొటోలను వెతుక్కుని దాచుకునే పింటరెస్ట్ సైటులో బిజినెస్ ఖాతా తెరిచాము.

మొదట ఆ పనిని డబ్బు తీసుకుని చేసే ఒకరికి అప్పగించాము. ఆయన ఒకే ఫొటోను రోజుకు పదిసార్లు పెట్టడంతో పింటరెస్ట్ వారు ఖాతాను స్పామ్‌గా (అనవసరపు ప్రచారంగా) భావించి కొన్నాళ్ళు నిలిపివేశారు. అసలే రాకపోకలు లేని సైటుకు అది గోరుచుట్టుపై రోకటిపోటు అయింది. ఆ తరువాత నుంచి నేనే చూసుకుంటున్నాను. ఇప్పుడు 8 బోర్డులు (ఫొటోల సంచయాలు), దాదాపు 140 పిన్‌లు (లింకుతో పెట్టిన ఫొటోలు) ఉన్నాయి. పోయిన నెల మా పిన్‌లు 41,000 సార్లు కనిపించాయి, 600 మందికి పైగా సేవ్ చేసుకున్నారు, కానీ సైటుకు వచ్చినవి 57 క్లిక్‌లు మాత్రమే.

ఇంతమంది దాచుకుంటున్నారంటే బొమ్మలు నచ్చినట్టే కదా, మరి లోపలికి ఎందుకు రావడం లేదు? ఫొటో మీద మాటలు తెలుగులో రాయాలా, ఇంగ్లీషులో రాయాలా అన్నది కూడా అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

వంటింటి కిటికీ:

లక్కపిడత గారికి నమస్కారం. నాది వంటల సైటు, నాలుగేళ్ళుగా మా సైటుకు వచ్చేవారిలో ఎక్కువమంది పింటరెస్ట్ నుంచే వస్తున్నారు, కాబట్టి నాకు తెలిసినది చెబుతాను.

పింటరెస్ట్‌ను ఫేస్‌బుక్‌లాగా, ఇన్‌స్టాగ్రామ్‌లాగా చూడడం మనలో చాలామంది చేసే పొరపాటు. అక్కడికి ఎవరూ మన కబుర్లు వినడానికి రారు. పెళ్ళి మండపానికో, పిల్లల గదికో, పండగ అలంకరణకో ఏం చేయాలా అని వెతుక్కుంటూ వస్తారు, నచ్చినదాన్ని తరువాత చూద్దామని బోర్డుకు గుచ్చుకుని వెళ్ళిపోతారు. అందుకే అక్కడ పెట్టిన పిన్ ఆ రోజుతో చచ్చిపోదు, రెండేళ్ళ కిందటి పిన్ నుంచి ఇవాళ కూడా నా సైటుకు మనుషులు వస్తున్నారు. అయితే దాచుకున్న ఫొటోలోనే అంతా ఉంటే, వారికి ఇంకొక అడుగు వేయవలసిన అవసరం ఉండదు.

నా సైటులో జరిగినదే చెబుతాను. మాడుగుల హల్వా ముక్కలను వెండి పళ్ళెంలో పేర్చి, జీడిపప్పు కనిపించేలా తీసిన ఫొటోను చాలామంది సేవ్ చేసుకున్నారు, లోపలికి వచ్చినవారు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఆ తరువాత అదే హల్వా కోసం నానిన గోధుమల నుంచి పాలు పిండి వడగడుతున్న చేతులను దగ్గరగా తీసి, దాని మీద ‘గోధుమ పాలు ఎప్పుడు సరిగ్గా పులిసినట్టు?’ అన్న ప్రశ్నను పెట్టాను. మొదటి దానితో పోలిస్తే ఈ ఫొటో అందంగా ఉండదు, అయినా జవాబు పేజీలో ఉండడం వల్ల జనం వచ్చారు. మీరు తెల్లగుడ్డ మీద నిలబెట్టిన బొమ్మ మా హల్వా పళ్ళెం లాంటిది. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీని ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది కదా, ఆ క్షణాన్ని ఫొటో తీసి, తయారీ గురించి రాసిన పేజీకి లింకు ఇచ్చి చూడండి. పసుపు, నీలిమందు, జాఫరా గింజల నుంచి రంగు తీసే పద్ధతికి కూడా ఇలాగే వేరే పిన్ చేయవచ్చు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న తల్లులకు ఆ రంగుల సంగతి బొమ్మ కంటే ముఖ్యం.

సిరిపురం కోడు:

పైన చెప్పినది నిజమే కానీ, అంతకంటే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మీ 140 పిన్‌లలో ఎన్ని హోమ్ పేజీకి వెళుతున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. బొమ్మను నొక్కినవారికి ఆ బొమ్మ ఉన్న పేజీయే తెరుచుకోవాలి. హోమ్ పేజీలో దిగి మళ్ళీ వెతుక్కునే ఓపిక ఫోనులో చూసేవారికి ఉండదు.

పింటరెస్ట్ లెక్కల్లో ‘పిన్ క్లిక్’ వేరు, ‘అవుట్‌బౌండ్ క్లిక్’ వేరు. మొదటిది పిన్‌ను పెద్దదిగా చేసి చూసినా పడుతుంది, రెండవది మాత్రమే సైటుకు వచ్చినవారి లెక్క. మీరు రెండవదాన్నే చూస్తున్నారు, మంచిదే. సైటు మీదేనని నిరూపించుకోవడం పూర్తయిందా? పేజీ తలభాగంలో ఒక ట్యాగ్ పెట్టి గానీ, ఒక ఫైలు ఎక్కించి గానీ, డొమైన్ రికార్డులో ఒక వరుస చేర్చి గానీ ఆ పని చేయవచ్చు. ఆ తరువాత బొమ్మల పేజీలలో ఓపెన్ గ్రాఫ్ వివరాలు (పేజీలో ఏముందో ఇతర సైట్లకు చెప్పే ట్యాగులు) సరిగ్గా ఉంటే రిచ్ పిన్‌లు వస్తాయి, పిన్ కిందనే ధర, సరుకు ఉన్నదీ లేనిదీ కనిపిస్తాయి. వంటింటి కిటికీ గారి సలహాను ధర దాచిపెట్టడానికి మాత్రం వాడకండి. ధర చూసి వచ్చినవాడే కొనేవాడు.

ఫొటో నిలువుగా, 1000 పిక్సెళ్ళ వెడల్పు, 1500 పిక్సెళ్ళ ఎత్తు ఉండాలి, అంతకంటే పొడవైతే ఫీడ్‌లో కింది భాగం తెగిపోవచ్చు. శీర్షికకు 100 అక్షరాల వరకు చోటున్నా, ఫీడ్‌లో కనిపించేవి దాదాపు మొదటి 40 మాత్రమే, కాబట్టి దుకాణం పేరుతో కాకుండా వస్తువు పేరుతో మొదలుపెట్టండి. ఇంకొక మాట, పింటరెస్ట్ లింకులు నోఫాలో రకానివి, అంటే ర్యాంకు లెక్కలో చూడవద్దని గూగుల్‌కు గుర్తు పెట్టినవి. వాటి వల్ల గూగుల్ ర్యాంకు పెరుగుతుందని ఎవరైనా ప్యాకేజీ అమ్మజూపితే కొనకండి.

కొలువుల వీధి:

భాష గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఫొటో మీద తెలుగు అక్షరాలు ఉండనివ్వండి, అవి బొమ్మ ఎక్కడిదో చెబుతాయి. కానీ శీర్షికలోను, వివరణలోను జనం వెతికే మాటలే ఉండాలి. మనవాళ్ళలో చాలామంది ‘బొమ్మల కొలువు’ను ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేస్తారు. అదే వస్తువును తమిళులు ‘గోలు’ అని, కన్నడిగులు ‘గొంబె హబ్బ’ అని వెతుకుతారు. వారికి అది నవరాత్రుల వేడుక, మన కోస్తా ఇళ్ళలో చాలాచోట్ల సంక్రాంతికి పెట్టేది. అంటే ఒకే మెట్ల వరుస ఫొటోకు రెండు పండగలు, మూడు పేర్లు ఉన్నాయన్నమాట. వాటన్నింటినీ ఒకే వివరణలో కుక్కకుండా, వేర్వేరు ఫొటోలతో వేర్వేరు పిన్‌లు చేసి, వేర్వేరు బోర్డులలో పెట్టండి.

పండగ వారంలో పెడితే లాభం లేదు. వెతికేవారు ముందే మొదలుపెడతారు, పిన్ పైకి రావడానికి కూడా సమయం పడుతుంది. దసరా పిన్‌లను శ్రావణంలోనే, సంక్రాంతివి కార్తీకంలోనే పెట్టడం మా ఇంట్లో అలవాటు. పింటరెస్ట్ వాడేవారు అమెరికాలోనే ఎక్కువ. అక్కడి మన తెలుగు కుటుంబాలకు బొమ్మలు పంపగలిగితే ఆ సంగతి పేజీలో పైనే రాయండి, పంపలేకపోతే 57 క్లిక్‌లలో సగం వృథా అయ్యాయనుకోండి.

లక్కపిడత:

అందరికీ కృతజ్ఞతలు. సిరిపురం కోడు గారు చెప్పినట్టు కూర్చుని లెక్కపెట్టాను. 140 పిన్‌లలో 93 హోమ్ పేజీకే వెళుతున్నాయి. అవన్నీ పాత మనిషి పెట్టినవి, రోజుకు పదిహేను చొప్పున లింకులు మారుస్తున్నాను. సైటు మాదేనని నిరూపించుకోవడం నిన్న పూర్తయింది.

పాత ఫొటోలను పెద్దవి చేసి చూసినప్పుడు ఇంకొకటి బయటపడింది. రాత్రిపూట గదిలో తీయడం వల్ల ప్రతి బిందె పొట్ట మీద, ప్రతి తిరగలి అంచు మీద మా ట్యూబులైటు తెల్లగీతలా మెరుస్తోంది. లక్క నునుపు చూపించబోయి లైటునే చూపించాము. ఇక మీదట పొద్దున ఏడింటికి మేడ మీద, నీడపట్టున తీస్తాను. వచ్చే ఆదివారం ఏటికొప్పాక వెళ్ళి తరిమెన (కర్రను తిప్పే యంత్రం) దగ్గర కూర్చుని లక్క కరిగే క్షణం కోసం ప్రయత్నిస్తాను.

విదేశాలకు ఇప్పటివరకు పంపలేదు. లక్కకు వేడి పడదు కదా, ఎండాకాలంలో పంపినవారు ఎవరైనా ఉంటే, ఎలా కట్టి పంపారో చెప్పగలరా?

కొలువుల వీధి:

ఒక్కొక్క బొమ్మను విడిగా నూలుగుడ్డలో చుట్టండి. రెండు లక్క ముఖాలు ఒకదానికొకటి ఆనకూడదు, వేడికి అంటుకుంటాయి. మిగిలిన వివరాలకు వేరే ప్రశ్న తెరవండి, అక్కడ వివరంగా రాస్తాను.