అప్‌డేట్: తల తిప్పే అస్థిపంజరం మధ్యలో ఆగిపోయే సమస్య తీరింది

డాలస్‌లో మా ఇంటి ముందు హాలోవీన్‌కి పెట్టిన అస్థిపంజరం గురించి పోయిన వారం అడిగాను కదా. మనిషి దగ్గరికొస్తే పీఐఆర్ సెన్సర్ పసిగట్టాలి, సర్వో మోటార్ పుర్రె తిప్పాలి. పుర్రె సగం తిరిగేసరికి వీటిని నడిపే ఆర్డుయినో బోర్డు (చిన్న కంప్యూటర్ లాంటిది) రీసెట్ అయిపోయేది.

"సర్వోకి కరెంటు ఎక్కడి నుంచి ఇస్తున్నారు?" అని అడిగినవారికి దండం. విషయం అక్కడే ఉంది. బోర్డు మీది 5 వోల్టుల పిన్ నుంచే ఇచ్చాను, బోర్డుకేమో లాప్‌టాప్ యూఎస్‌బీ. అక్కడ వచ్చేది దాదాపు 500 మిల్లీఆంపులు, అంటే అర ఆంపు. నేను వాడిన ఎంజీ996ఆర్ మోడల్ సర్వో బరువుకి ఇరుక్కుంటే 2 ఆంపులు దాటి లాగుతుంది. వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్.

సర్వోకి విడిగా 5 వోల్టుల, 4 ఆంపుల అడాప్టర్ పెట్టాను. పెట్టగానే పుర్రె చలిజ్వరం వచ్చినట్టు వణికింది! అడాప్టర్ నెగటివ్ వైరునీ బోర్డు గ్రౌండ్‌నీ కలపడం మర్చిపోయాను. కలపగానే దారికొచ్చింది. ఇది మాత్రం మర్చిపోకండి.

సెన్సర్ మార్చడం, కోడ్‌లో డిలేలు (ఆగే సమయాలు) పెంచడం రెండూ దండగే, పాత సెన్సర్ శుభ్రంగా పనిచేస్తోంది. వోల్టేజీ పడిపోకుండా పెట్టిన 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ (కాస్త కరెంటు నిల్వ ఉంచే భాగం) తీసి చూసినా నాకు తేడా కనిపించలేదు, అయినా ఉంచేశాను. అడాప్టర్ వానకి తడవకుండా గరాజ్‌లోనే పెట్టి, వైరు మాత్రం బయటికి లాగాను.

రాత్రి చెత్త డబ్బా బయట పెట్టడానికి వెళ్ళిన మా అత్తయ్యగారు కెవ్వుమన్నారు. ట్రయల్ పాస్.