హిమోగ్లోబిన్ 9.4, ఆగస్టు హాఫ్ మారథాన్‌కి ఏడు వారాలు: పరుగు ఆపాలా వద్దా?

స్వాతి_హబ్సిగూడ:
అందరికీ నమస్తే. నాకు 37 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. మూడేళ్లుగా ఓయూ క్యాంపస్‌లో పరిగెడుతున్నాను. పోయిన డిసెంబరులో 10 కిలోమీటర్లు గంటా నాలుగు నిమిషాల్లో చేశాను. ఇప్పుడు అదే దూరానికి గంటా పదహారు పడుతోంది. ఆర్ట్స్ కాలేజీ వైపు ఆ కాస్త ఎత్తు ఎక్కేసరికే కాళ్లకి ఇసుక మూటలు కట్టినట్టు ఉంటోంది. ఎండల వల్లేమో అనుకున్నాను. జుట్టు ఊడుతుంటే బోరు నీళ్లని తిట్టుకున్నాను. చివరికి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4, ఫెరిటిన్ 7. డాక్టరు గారు ఐరన్ మాత్రలు రాసి పరుగు ఆపమన్నారు. మా రన్నింగ్ గ్రూపులో మాత్రం "స్పీడు తగ్గించు, ఆపకు" అంటున్నారు. ఆగస్టు హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి ఫీజు కట్టేశాను. మీరైతే ఏం చేస్తారు?

పద్మజ_తార్నాక:
ఆపేస్తాను. ఇందులో అడగడానికి ఏముంది? ఆడవాళ్లకి 12 కంటే తక్కువుంటే రక్తహీనత అన్నట్టే. నీది 9.4. ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచుకున్న ఇనుము, అది 15 లోపుంటేనే లోటు అంటారు, నీకు 7. డబ్బాలో బియ్యం అయిపోయి అడుగున గీకుతున్నావన్నమాట. ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబినే. అది లేకుండా కాళ్లు కదలమంటే గుండె రెట్టింపు కొట్టుకోవాలి. ఫీజు పోతే పోయింది.

నెక్లెస్_రాజు:
మేడమ్, భయపెట్టకండి. పదకొండేళ్లుగా కొత్తవాళ్లని పరిగెత్తిస్తున్నాను. ప్రతి ఒక్కరికీ ఒక రిపోర్టు ఉంటుంది. థైరాయిడ్, డీ విటమిన్, బీ12, ఏదో ఒకటి. రిపోర్టులు చూసుకుంటూ కూర్చుంటే నెక్లెస్ రోడ్ ఖాళీగా ఉంటుంది. 1984లో జోన్ బెనాయిట్ మోకాలి ఆపరేషన్ అయిన 17 రోజులకే అమెరికా ట్రయల్స్, అంటే ఒలింపిక్ ఎంపిక పోటీ, గెలిచింది. అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లో ఆడవాళ్ల మొట్టమొదటి ఒలింపిక్ మారథాన్ కూడా ఆమెదే. మనసు ఉండాలి సిస్టర్. వారానికి నాలుగు రోజులు, నిదానంగా. ఆపితే ఒళ్లు మొద్దుబారుతుంది.

పద్మజ_తార్నాక:
రాజు గారూ, ఆమెది మోకాలు. ఈమెది రక్తం. మోకాలికి కుట్లు వేస్తారు, రక్తానికి మనసు కుట్టలేదు.

ఇరానీ_చాయ్_బ్యాచ్:
అక్కా ముందు చాయ్ సంగతి చెప్పుర్రి. మా బ్యాచ్‌ల ఒకామెకు గిట్లనే అయితే డాక్టర్ చాయ్ బంద్ జేయమన్నడట. రన్ అయినంక చాయ్ లేకుంటే అసలు పొద్దుగాల లేవుడెందుకు?

ల్యాబ్_శీను:
బంద్ చేయక్కర్లేదు. టీలో ఉండే పదార్థాలు కూరగాయల్లో, పప్పుల్లో ఉన్న ఇనుముని పట్టేసుకుంటాయి, ఒంటికి పట్టనివ్వవు. కాబట్టి అన్నంతోనో మాత్రతోనో కలిపి తాగకూడదు. కనీసం గంట ఎడం ఉండాలి. కాఫీకీ అదే లెక్క. క్యాల్షియం మాత్ర ఐరన్ మాత్రతో కలిపి వేసుకోవద్దు. నిమ్మరసమో జామకాయో అయితే మంచిది, సి విటమిన్‌తో బాగా పడుతుంది.

ఇరానీ_చాయ్_బ్యాచ్:
గంట అంటే మాత్రకు ముందా, తర్వాతా?

ల్యాబ్_శీను:
రెండు వైపులా.

ఇరానీ_చాయ్_బ్యాచ్:
మరి ఉస్మానియా బిస్కెట్?

రేణుక_కొంపల్లి:
చాయ్ గోల ఆపండి బాబూ. స్వాతీ, నువ్వు ఆపకు. నిజంగా చెప్తున్నా, ఆపకు. పూర్తిగా మానేస్తే మళ్లీ మొదలుపెట్టడం ఎంత కష్టమో ఇక్కడ ఎవరూ చెప్పడం లేదు. కిలోమీటరైనా సరే వెళ్లు. షూ లేసు కట్టుకోవడం మానొద్దు.

పద్మజ_తార్నాక:
రేణుక గారూ, డాక్టరు వద్దన్నాక మీరెవరు వెళ్లమనడానికి? 2017లో నాక్కూడా ఇలాంటి సలహాలే ఇచ్చారు. నాది 10.1. అప్పట్లో మా గ్రూపులో ఒక్క రోజు మానితే పేరు పక్కన ఎర్ర చుక్క పెట్టేవారు. ఎర్ర చుక్క పడకూడదని వెళ్లాను. పొద్దున్నే కడుపులో ఏమీ లేకుండా 16 కిలోమీటర్లు, ఇంటికొచ్చి వంట, ఆఫీసు, మధ్యాహ్నం మూడింటికి తినడం. మూడు నెలలు నెలసరి రాలేదు. హాయిగా ఉందిలే అనుకున్నాను, బుద్ధి లేక. అక్టోబరులో ఎడమ కాలి ముందెముకలో సన్నటి పగులు. ఎనిమిది వారాలు కర్ర. తినేది తక్కువై, పరిగెత్తేది ఎక్కువైతే శరీరం ముందు నెలసరి ఆపేస్తుంది, తర్వాత ఎముక మీద పడుతుంది. దీనికి రెడ్-ఎస్ అని పేరు కూడా పెట్టారు, 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ వాళ్లు. నాకది ఎముక విరిగాక తెలిసింది. ఎర్ర చుక్క పెట్టినాయన ఒక్కసారి ఫోను చేయలేదు.

నెక్లెస్_రాజు:
మీ గ్రూపులో అలా జరిగిందని అందరినీ ఒకే గాటన కట్టకండి మేడమ్. మా దగ్గర చుక్కలు లేవు. స్టిక్కర్లు ఇస్తాం.

పద్మజ_తార్నాక:
అదే చుక్క, పైన నవ్వు బొమ్మ.

తోటకూర_ప్రియ:
బీట్‌రూట్ జ్యూస్ తాగండి. పది రోజుల్లో రక్తం పడుతుంది. మా పిన్నికి పడింది.

ల్యాబ్_శీను:
బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది, అంతవరకే. దాంట్లో ఇనుము కొంచెమే. 9.4ని తిండితో లాక్కురావడం చాలా నెమ్మది, మాత్రలు కావాలి. మాంసం తినేవాళ్లయితే మేక లివర్‌లో ఉన్న ఇనుము త్వరగా పడుతుంది. స్వాతి గారూ, ఒక మాట. బియ్యం గానీ, ఐసు గానీ, సుద్ద గానీ తినాలనిపిస్తోందా?

స్వాతి_హబ్సిగూడ:
శీను గారూ, మీకెలా తెలుసు! కుక్కర్‌లోకి బియ్యం కొలిచేటప్పుడు గుప్పెడు నోట్లో వేసుకోకుండా ఉండలేకపోతున్నాను. మా చిన్నాడు చూసి "అమ్మా పచ్చివి తింటున్నావు" అని నాన్నకి చెప్పేశాడు. పెళ్లిలో వాన పడుతుందంటారు కదా, నా పెళ్లై పన్నెండేళ్లయింది, ఇంక భయం లేదులే అని నవ్వేశాను.

ల్యాబ్_శీను:
నవ్వేసేది కాదండీ. ఇనుము లోటుకి అదొక గుర్తు. ఇనుము ఎటు పోతోందో కూడా వెతికించండి. నెలసరి ఎక్కువ రోజులు ఉంటోందా, గడ్డలు పడుతున్నాయా? పరుగులో కూడా కొంత పోతుంది. చెమటలో కాస్త, పాదం గట్టి రోడ్డు మీద పడ్డప్పుడు ఎర్ర కణాలు నలిగి కాస్త. ఇంకోటి, గట్టిగా పరిగెత్తాక మూడు నుంచి ఆరు గంటల దాకా పేగులు ఇనుముని సరిగ్గా తీసుకోవు. ఆరింటికి స్పీడ్ రన్, ఎనిమిదికి మాత్ర అంటే మాత్ర కొంత వృథా.

పద్మజ_తార్నాక:
వినండి రేణుక గారూ.

రేణుక_కొంపల్లి:
విన్నాను. నేను స్పీడ్ రన్ చేయమనలేదు. మీరు నేను అనని దానికి జవాబు చెప్తున్నారు.

పద్మజ_తార్నాక:
"నువ్వు ఆపకు. నిజంగా చెప్తున్నా, ఆపకు." మీరు రాసిందే. పరాయి పిల్ల ప్రాణంతో ఆడుకుంటూ మాటల్లో తప్పించుకుంటారేంటి? రేపు ఫ్లైఓవర్ మీద కళ్లు తిరిగి పడితే మీరు వెళ్లి మోసుకొస్తారా?

రేణుక_కొంపల్లి:
పడిపోతారు, పడిపోతారు! 1928 ఒలింపిక్స్‌లో ఆడవాళ్లు 800 మీటర్లు పరిగెత్తి రొప్పితే కూలిపోయారని రాసి, ఆ పోటీనే తీసేశారు. మళ్లీ 1960 దాకా పెట్టలేదు. 32 ఏళ్లు! అందరూ మన ఆరోగ్యం కోసమే మాట్లాడారు. ఆడదాన్ని ఇంట్లో కూర్చోబెట్టాలంటే "నీ మంచికే" అనేదానికి మించిన మాట లేదు. మీరూ అదే అంటున్నారు.

పద్మజ_తార్నాక:
నన్ను వాళ్లతో కలుపుతారా? ముప్పై ఏళ్లు బస్సులో వేలాడుతూ ఉద్యోగం చేశాను. 46 ఏళ్లకి పరుగు మొదలుపెడితే పిచ్చి పట్టిందన్న వీధి మాది. నన్నా అనేది?

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. వ్యక్తిగతంగా వద్దు.

రేణుక_కొంపల్లి:
తగ్గుతాను గానీ ఇది రాసి తగ్గుతాను. 2015లో నాకు డెంగీ వచ్చింది. తగ్గాక డాక్టరు మూడు వారాలు విశ్రాంతి అన్నారు. నేనూ బుద్ధిగా ఇంట్లో ఉన్నాను. మొదటి వారం మామగారికి పొద్దున్నే ఇన్సులిన్ నా పని అయింది, ఎలాగూ మేలుకునే ఉంటాను కదా అని. రెండో వారం పాప స్కూలు బస్సు మారింది, ఆరుంపావుకి. మూడో వారం అయ్యాక షూ వేసుకుంటే మా ఆయన "ఇప్పుడెక్కడికి?" అన్నారు. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక అడిగారు. మూడు వారాలు కాస్తా ఆరేళ్లయింది. మళ్లీ 2021లో మొదలుపెట్టాను. మగవాళ్లు విశ్రాంతి తీసుకుంటే వాళ్ల పొద్దున్న ఐదింటి టైము వాళ్లకే ఉంటుంది. మన గంట ఖాళీ అయితే ఇల్లు వచ్చి కూర్చుంటుంది. ఆపకు అన్నది అందుకు. నాకు ఫెరిటిన్ తెలియదు, ఇది తెలుసు.

ఇరానీ_చాయ్_బ్యాచ్:
🙏

స్వాతి_హబ్సిగూడ:
రేణుకక్కా, ఈ మాట నేనే ముందు రాయాల్సింది. సిగ్గేసి రాయలేదు.

రిపోర్టు సోమవారం వచ్చింది. మా అత్తయ్య దాన్ని ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టారు, "చెప్తే వినదు, ఇప్పుడు చూడండి" అని. బుధవారానికల్లా పనమ్మాయిని ఐదున్నరకి రమ్మన్నారు. మాకు మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు ఐదింటికి వస్తాయి. ఇన్నాళ్లూ మా ఆయన లేచి మోటారు వేసేవారు. "నువ్వెలాగూ ఉంటావుగా" అని ఇప్పుడు నాకు వదిలేశారు. ఆయన చెడ్డవారేం కాదు, మూడేళ్లుగా నా బూట్లు ఆయనే కడుగుతారు. అయినా శుక్రవారం తెల్లవారుజామున సంపు దగ్గర నిలబడి, నీళ్లు పడే చప్పుడు వింటుంటే ఏడుపొచ్చింది.

ఇంకో విషయం. డాక్టరు గారు అన్నది పూర్తిగా రాయలేదు. "మూడు వారాలు పరుగు వద్దు, ఆయాసం రానంతవరకు నడవండి, మళ్లీ పరీక్ష చేద్దాం" అన్నారు. ఇంటికొచ్చేసరికి అందులో "వద్దు" ఒక్కటే మిగిలింది. నేను కూడా మీకు అదే రాశాను.

పద్మజ_తార్నాక:
ఇది ముందు చెప్పొద్దూ? ఇంతసేపూ ఇద్దరం గొంతు చించుకున్నాం.

నేనన్నది వెనక్కి తీసుకోను. 9.4తో పరుగు లేదు, హాఫ్ అసలే లేదు. నీ ఎముకకి మీ అత్తగారి సంగతి తెలియదు. కానీ పడుకోమని నేననలేదు. ఐదుంపావుకి ఎన్‌సీసీ గేటు దగ్గర ఉంటాను. నడుద్దాం. బూట్లు వేసుకునే రా, వాచీ మాత్రం ఇంట్లో పెట్టి రా. మీ ఆయనకి నడక కూడా మందులో భాగమని డాక్టరు చెప్పిన మాట పూర్తిగా చెప్పు. పనమ్మాయిని పాత టైముకే రమ్మను.

రేణుక_కొంపల్లి:
మోటారు?

పద్మజ_తార్నాక:
స్విచ్చేగా, వేసుకోవడం వచ్చు ఆయనకి. ఇన్నాళ్లూ వేసినాయనేగా.

నెక్లెస్_రాజు:
నడక కూడా మంచిదే సిస్టర్. ఒకటి అడగొచ్చా, ఆ హాఫ్ బిబ్, అదే ఛాతీ మీద పెట్టుకునే నంబరు, మా గ్రూపులో ఎవరికైనా ఇస్తారా?

పద్మజ_తార్నాక:
రాజు గారూ!!

ల్యాబ్_శీను:
ఒకరి బిబ్ మీద ఇంకొకరు పరిగెత్తకూడదు. దారిలో ఏదైనా అయితే వైద్యసిబ్బంది చేతిలో వేరే మనిషి వివరాలు ఉంటాయి. స్వాతి గారూ, మాత్రలు పనిచేస్తే నాలుగు వారాల్లో ఒకటి రెండు గ్రాములు పెరుగుతుంది. పెరగ్గానే మానేయకండి, నిల్వలు నిండడానికి ఇంకో మూడు నెలలు పడుతుంది. మలం నల్లగా వస్తే కంగారు పడకండి, మాత్రల వల్లే.

తోటకూర_ప్రియ:
బీట్‌రూట్ వల్ల ఎర్రగా వస్తుంది. కంగారు పడకండి.

(ఐదు వారాల తర్వాత)

స్వాతి_హబ్సిగూడ:
అడిగినవాళ్ల కోసం రాస్తున్నాను. ఇప్పుడు 11.1. స్కానింగ్‌లో గర్భాశయంలో చిన్న ఫైబ్రాయిడ్, అంటే కణితి, ఉందన్నారు. ప్రతినెలా ఏడెనిమిది రోజులు పోతుంటే అందరికీ అంతేనేమో అనుకున్నాను, ఎవర్నీ అడగలేదు. దానికి వేరే మందు రాశారు. నిన్నటి నుంచి రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. బియ్యం తినబుద్ధి కావడం లేదు. హాఫ్‌కి వెళ్లడం లేదు, ఆ రోజు నేనూ పద్మజక్కా నీళ్ల స్టాల్ దగ్గర గ్లాసులు అందించడానికి పేర్లిచ్చాం. రేణుకక్కా, నువ్వు మా ముందు నుంచి పోతే ఆగకుండా పోవద్దు.

రేణుక_కొంపల్లి:
ఆగుతాను. ఆ పెద్దావిడతో మాత్రం మాట్లాడను.

పద్మజ_తార్నాక:
నీళ్లు నేనే ఇస్తా. చూద్దాం.

ఇరానీ_చాయ్_బ్యాచ్:
మోటారు సంగతి ఏమైంది?

స్వాతి_హబ్సిగూడ:
ఆయనే వేస్తున్నారు. వేసి మళ్లీ పడుకుంటున్నారు. ఇప్పటికి రెండుసార్లు ట్యాంకు పొంగి కిందింటి వాళ్ల బట్టలు తడిశాయి.