మిరప ముడత: వాట్సాప్ గ్రూపులో ఎలా అడిగితే సరైన జవాబు వస్తుంది?

ప్రశ్న: మిరప రైతుల గ్రూపులో ఆకు ముడత ఫొటో పెడితే తలా ఒక మందు చెబుతున్నారు. ఏం పంపితే కచ్చితంగా తేలుతుంది?

జవాబు 1: మొక్క మొత్తం, ఆకు అడుగు భాగం, పువ్వు లోపల, ఈ మూడూ పగటి వెలుతురులో తీయండన్నా. డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదించేస్తుంది, సన్న పురుగు కనబడదు. పైరు వయసు, ఇంతకుముందు కొట్టిన మందు తప్పకుండా రాయండి. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికైతే నల్లి; రెండూ రసం పీల్చే సన్న పురుగులే.

జవాబు 2: 2021లో విరుచుకుపడ్డ నల్ల తామర పురుగు ఎక్కువగా పూలలో ఉంటుంది, ఆకు ఫొటో చాలదు. పువ్వును తెల్ల కాగితం మీద దులిపి వీడియో తీయండి. ఫార్వర్డ్ చూసి సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే రకం పురుగుమందులు మాత్రం కొట్టొద్దు. తామర పురుగును తినే మిత్రపురుగులు చచ్చి, తామర పురుగు ఇంకా పెరుగుతుంది.

జవాబు 3: మందు కొట్టిన వారానికి అదే మొక్క ఫొటో మళ్లీ పెట్టండి, పని చేయకపోయినా సరే. పక్క మండలం రైతుకు డబ్బు మిగిలేది దానివల్లే.