27కి 5 వచ్చాయి కాబట్టి మా తమ్ముడికి జూదం సమస్య లేనట్టేనా?

తోడబుట్టింది అడిగినది:

మా తమ్ముడికి ముప్పై దాటాయి, మంచి ఉద్యోగం. కొంతకాలంగా ఫోన్లో స్లాట్లు, మ్యాచ్ బెట్టింగులు. మొన్న ఇంట్లో గొడవ ముదిరితే వాడే ఆన్‌లైన్‌లో తొమ్మిది ప్రశ్నల టెస్ట్ ఒకటి చేసి, స్క్రీన్‌షాట్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. 27కి 5. "8 వస్తేనే ప్రాబ్లమ్ గ్యాంబ్లర్ అంటారు. అయినా వందలో ఒకరికే ఇది వ్యసనం అవుతుందని రీసెర్చ్ చెప్తోంది, ఇక వదిలేయండి" అన్నాడు. అమ్మ ఊపిరి పీల్చుకుంది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు.

నేను ఆడిట్ పనిలో ఉన్నాను, అంకె చూస్తే దాని వెనక వోచర్ ఏదని అడగడం అలవాటు. వాడి జవాబులు ఒక్కొక్కటీ చూశాను. "మీ ఆట గురించి ఎవరైనా విమర్శించారా?" అంటే "ఎప్పుడూ లేదు" అని నొక్కాడు. ఈ ఏడాదిలో వాడితో నేను మాట్లాడిందంతా దాని గురించే! "ఆట కోసం అప్పు చేశారా?" అన్నదానికీ సున్నా. నిజమే, అప్పు వాడి పేరున లేదు. పర్సనల్ లోన్ మరదలి పేరున ఉంది.

ఆ 8 అన్న గీత ఎవరు గీశారు? దాని కింద ఉన్నవాళ్లకి నిజంగా ఏ హానీ లేదా? ధైర్యం చెప్పడానికైతే రాయకండి, తెలిస్తేనే చెప్పండి.

నైట్‌డ్యూటీ:

అక్కా, నేను డీ-అడిక్షన్ వార్డులో నర్సుని. ఆ టెస్టుని పీజీఎస్ఐ అంటారు, 2001లో కెనడాలో తయారైంది. జనాభా మీద సర్వే చేసి, ఎంతమంది ఏ మెట్టు మీద ఉన్నారో అంచనా వేయడానికి పెట్టింది. ఒక మనిషికి జబ్బు ఉందో లేదో అది తేల్చదు. పైగా అందులోనే 3 నుంచి 7 దాకా వస్తే మధ్యస్థ ప్రమాదం అని ఉంటుంది. ఆ లైను మీ తమ్ముడు స్క్రీన్‌షాట్‌లో కత్తిరించేశాడా?

డాక్టర్లు చూసేది వేరే. డీఎస్ఎమ్-5 అని, మానసిక జబ్బుల్ని గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసిన పుస్తకం ఉంది. దాని ప్రకారం తొమ్మిది లక్షణాలుంటాయి, 12 నెలల్లో కనీసం నాలుగు కనిపిస్తే గ్యాంబ్లింగ్ డిజార్డర్. వాటిలో రెండు మీ పోస్టులోనే కనిపించేలా ఉన్నాయి. ఎంత ఆడుతున్నదీ దాచడం ఒకటి. ఆట వల్ల డబ్బుకి కటకటలాడి, గట్టెక్కడానికి వేరేవాళ్ల మీద ఆధారపడడం ఇంకొకటి. మీ మరదలి లోన్ దీని కిందకి రావచ్చు. 1980లో ఈ జూదం జబ్బుని మొదటిసారి ఆ పుస్తకంలోని జాబితాలో చేర్చినప్పుడు, దొంగతనం చేయకుండా ఉండలేకపోవడం లాంటి జబ్బుల పక్కన పెట్టారు. 2013లో తీసుకొచ్చి మద్యం, డ్రగ్స్ వ్యసనాలతో కలిపారు. పేకాట మానలేనివాడికి చిరాకు, నిద్ర పట్టకపోవడం, రోజురోజుకీ పందెం పెంచితే తప్ప మజా రాకపోవడం మేం వార్డులో చూస్తూనే ఉంటాం, కాబట్టి ఆ మార్పు మాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

ఇంకో రెండు అడగండి. కొత్తగా ఏవైనా మందులు వాడుతున్నాడా? పార్కిన్సన్స్‌కి, కాళ్లు లాగే జబ్బుకి ఇచ్చే ప్రామిపెక్సోల్ లాంటివి కొందరిలో జూదం పిచ్చి రేపుతాయి. రెండోది అడగడం కష్టం. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. 2018లో వచ్చిన స్వీడన్ అధ్యయనంలో, ఈ జబ్బు నమోదైనవాళ్లలో ఆత్మహత్య మరణాలు మామూలు జనం కంటే 15 రెట్లు కనిపించాయి. వాళ్లు వైద్యం దాకా వచ్చినవాళ్లు కాబట్టి ఆ అంకెని మీ తమ్ముడికి యథాతథంగా అంటించకూడదు. కానీ అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం పెట్టుకోకండి, పుట్టదు.

సగటుమనిషి:

"వందలో ఒకరు" అన్న మాట దగ్గర ఆగుతాను. ఆ లెక్కలో అసలు ఆడనివాళ్లు కూడా ఉన్నారు! 2024లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రిక కమిషన్ వేసిన అంచనాల ప్రకారం, ప్రపంచంలో పెద్దవాళ్లందరినీ కలిపితే జూదం సమస్యగా మారినవాళ్లు 1.4 శాతం. అదే ఆన్‌లైన్ క్యాసినో, స్లాట్లు ఆడే పెద్దవాళ్లని మాత్రమే తీసుకుంటే 15.8 శాతం. మీ తమ్ముడు రెండో గుంపులో మనిషి.

8 కంటే కింద ఉన్నవాళ్ల సంగతి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2016లో జూదం వల్ల జరిగే మొత్తం హానిని లెక్కగట్టారు. డబ్బు, నిద్ర, కాపురం, ఉద్యోగం అన్నీ కలిపి. అందులో సుమారు 85 శాతం తక్కువ, మధ్యస్థ ప్రమాదం ఉన్నవాళ్ల దగ్గరే తేలింది. ఒక్కొక్కరి నష్టం చిన్నదే, మనుషులు ఎక్కువ. దీని మీద గొడవ కూడా ఉంది. 2017లో డెల్ఫాబ్రో, కింగ్ అనే పరిశోధకులు, సరదా ఖర్చు తగ్గించుకోవడాన్ని కూడా హాని అంటే ఎలా అని అడిగారు. నాకు ఆ అభ్యంతరంలో సగం న్యాయం కనిపిస్తుంది. కానీ భార్య పేరున లోన్ అన్నది సరదా ఖర్చు తగ్గడం కాదుగా.

మీరు ఆడిటర్ కాబట్టి ఇది నచ్చుతుంది. 2021లో బ్రిటన్‌లో ఎవరినీ ఏ ప్రశ్నా అడక్కుండా బ్యాంకు లావాదేవీలు చూసి లెక్క తీశారు. జూదం ఖర్చు పెరిగేకొద్దీ అప్పులు, ఉద్యోగం పోవడం, రాత్రుళ్లు మేలుకోవడం పెరిగాయి. అందరికంటే ఎక్కువ ఆడేవాళ్లలో మరణాల రేటు 37 శాతం ఎక్కువ. జూదమే కారణమని దీన్నిబట్టి అనలేం. అయినా సొంతంగా టిక్కు పెట్టుకున్న స్కోరు కంటే స్టేట్‌మెంట్ మేలు.

ఆటమానేసినోడు:

పెద్ద పెద్ద లెక్కలు నాకు రావు గానీ ఒకటి చెప్తా. స్లాట్‌లో వంద పెడితే ముప్పై వస్తుంది, దానికే లైట్లు, మోత, గెలిచావ్ గెలిచావ్ అని. డెబ్బై పోయిందని మనకి తట్టదు. కెనడాలో దీని మీద ప్రయోగాలు చేశారు, అలాంటి నష్టానికి కూడా ఒళ్లు గెలుపుకి స్పందించినట్టే స్పందిస్తుందట. మీవాడిది మనసు గట్టిదా మెత్తదా అన్న చర్చ పెట్టుకోకండి, ఆ యాప్ తయారుచేసిందే అందుకు. బ్యాంకు యాప్‌లో గ్యాంబ్లింగ్ బ్లాక్ ఉంటే ఆన్ చేయించండి. మీ మరదలు ఇంకో లోన్ తీసుకోకుండా చూడండి. "ఈ ఒక్కసారికి తీర్చేస్తే మానేస్తా" అని నేను అన్నప్పుడల్లా నిజంగానే అనుకున్నా. అప్పు తీరగానే చేతికి మళ్లీ వెసులుబాటు దొరికేది, అంతే.

తోడబుట్టింది:

అందరికీ థ్యాంక్స్. స్టేట్‌మెంట్ అడిగాను, "నన్ను దొంగలా చూస్తున్నావ్" అని లేచి వెళ్లిపోయాడు. వాడు డాక్టర్ దగ్గరికి రాడు. ఇప్పుడేం చేయను?

నైట్‌డ్యూటీ:

ముందు మీ మరదలిని తీసుకురండి, వాడు రాకపోయినా. ఒక మనిషి జూదం సమస్య సగటున ఆరుగురి మీద పడుతుందని 2017లో ఆస్ట్రేలియా వాళ్లు తేల్చారు. ఆ ఆరుగురిలో ఆమె మొదటి మనిషి. ఇంట్లోవాళ్లకి విడిగా కౌన్సెలింగ్ ఉంటుంది, చాలా చోట్ల పేషెంట్ లేకుండానే మొదలుపెడతారు. వచ్చేటప్పుడు ఆ లోన్ కాగితాలు, జీతం అకౌంట్‌లో ఆమెకి కనిపించేంతవరకు ఉన్న లెక్కలు పట్టుకురమ్మనండి. ఇంకా ఆమె సంతకాలు, ఓటీపీలు వాడి చేతిలో ఉన్నాయేమో ఈ రాత్రికే అడగండి.