24 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్: ముందు కొనాల్సింది లోడరా, రోటవేటరా?

తోటకాపరి
బండి 24 హెచ్‌పీ, ఫోర్ వీల్ డ్రైవ్. ఖాళీ బరువు 900 కిలోలు, అందులో ముందు ఇరుసు మీద 380 పడుతోంది. రెండు ఇరుసుల మధ్య దూరం 1.5 మీటర్లు. వెనక టైర్ల బయటి అంచుల మధ్య 1.1 మీటర్లు. వెనక పనిముట్లు ఎత్తే లిఫ్ట్ 750 కిలోలని రాసి ఉంది. పండ్ల చెట్ల వరుసల మధ్య దున్నడం, గడ్డి కోత, ఎరువు మోత, కొన్ని కూరగాయల మళ్లు: ఇవీ పనులు. ఇప్పటికి రెండే పనిముట్లు కొనగలను. ఫ్రంట్ లోడర్ (ముందు బకెట్‌తో ఎత్తేది), 1.2 మీటర్ల రోటవేటర్ (తిరిగే బ్లేడ్లతో దున్నేది) అనుకుంటున్నాను. బండికి ముందుగా చేయించాల్సిన మార్పులేమైనా ఉంటే అవీ చెప్పండి.

ఇరుసు
మొదట లోడరే కొనండి. రోటవేటర్ ఏడాదిలో కొన్నాళ్లే నేల మీదకి దిగుతుంది. ఎరువు, మట్టి, రాళ్లు, కొట్టేసిన కొమ్మలు మోసే పని ఏడాది పొడుగునా ఉంటుంది. బరువు చాలదని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. వెనక టైర్లలో నీళ్లు పట్టించండి. వాల్వ్ పైకి వచ్చేలా చక్రం తిప్పి, జాకీ మీద లేపి, ఆ మట్టం దాకా నింపితే టైరు దాదాపు 75 శాతం నిండుతుంది. మిగతాది గాలి. లీటరుకు కిలో బరువు, అదీ నేలకు దగ్గరగా. ఇంతకంటే చవకైన మార్పు ఇంకోటి లేదు.

స్ప్లైన్‌6
ఈ బండికి లోడరూ ఎక్కువే, 1.2 మీటర్ల రోటవేటరూ ఎక్కువే. ఇంజిన్ 24 అంటే పీటీవో (పనిముట్లని తిప్పే వెనక షాఫ్ట్ కొస) దగ్గర చేతికొచ్చేది 20, మహా అయితే 21. మెత్తటి పదును నేలలో 1.2 మీటర్లది లాగుతుంది. గట్టి నేలలో 12 సెంటీమీటర్ల లోతుకు దించగానే ఇంజిన్‌కి దమ్ము చాలదు. అప్పుడు ఆర్‌పీఎం పడిపోయి పీటీవో నిమిషానికి 540 చుట్లకంటే తగ్గుతుంది, బ్లేడు మట్టిని కొయ్యడం మానేసి కొట్టడం మొదలుపెడుతుంది. ఆ దెబ్బలన్నీ షాఫ్ట్ క్రాసుల (వంగే కీళ్ల) మీదా క్లచ్ మీదా పడతాయి.

1 మీటరు వెడల్పుది తీసుకుని 10 సెంటీమీటర్లు కుడికి జరిపి బిగించుకోండి. కుడి టైరు జాడ అప్పుడే చెరిగిపోతుంది, ఎడమ జాడ పక్క సాలులో పోతుంది. చెట్ల మొదళ్ల దగ్గరికి వెళ్లడానికి కూడా ఆ జరుపు పనికొస్తుంది. జరిపి బిగించుకునే వీలున్న ఫ్రేమేనా అని కొనేముందే చూసుకోండి.

గ్రీజుగన్
లోడర్ కావాలంటే పవర్ స్టీరింగ్ ఉండి తీరాలి. లేకపోతే నిండు బకెట్‌తో చక్రం తిప్పలేరు.

పచ్చగడ్డి
నా ఓటు లోడర్‌కే. పీటీవో పనిముట్లంటేనే తలనొప్పి. నాకు రోటవేటర్ అమ్మినాయన షాఫ్ట్ పొడవు సరిచూడకుండా తగిలించి ఇచ్చాడు. లిఫ్ట్ ఎత్తగానే ట్యూబు లోపల అడుగు తాకి గేర్‌బాక్స్ సీలు పోయింది. అడిగితే ‘మీరే ఎత్తడం తెలియక ఎత్తారు’ అన్నాడు.

స్ప్లైన్‌6
@పచ్చగడ్డి, తప్పు అమ్మినాయనది, రోటవేటర్‌ది కాదు. కొత్త షాఫ్ట్ ఏ బండికీ ఉన్నదున్నట్టు సరిపోదు, కోసుకోవాలి. పద్ధతి ఇదీ:

పనిముట్టు తగిలించి, షాఫ్ట్ లేకుండా లిఫ్ట్‌ని మెల్లగా కిందినుంచి పైదాకా కదపండి. పీటీవోకీ పనిముట్టు గేర్‌బాక్స్ ముక్కుకీ మధ్య దూరం ఎక్కడ అన్నిటికంటే తక్కువగా ఉందో అక్కడ ఆపండి. అది అన్నిసార్లూ అట్టడుగునో అన్నిటికంటే పైననో ఉండాలని లేదు, చాలాసార్లు రెండూ ఒకే మట్టానికి వచ్చినప్పుడు ఉంటుంది. షాఫ్ట్‌ని రెండు ముక్కలుగా విడదీసి, ఒకటి పీటీవోకి, ఒకటి గేర్‌బాక్స్‌కి తగిలించి పక్కపక్కన పట్టుకుని గుర్తు పెట్టండి. బాగా దగ్గరైనప్పుడు కూడా కనీసం రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ మిగలాలి. లోపలి ట్యూబు, బయటి ట్యూబు, వాటి ప్లాస్టిక్ తొడుగులు నాలుగూ సమానంగా కొయ్యాలి. అంచులు ఆకురాయితో నునుపు చేసి, తుడిచి, గ్రీజు రాయాలి. అన్నిటికంటే దూరంగా జరిగినప్పుడు ట్యూబు పొడవులో మూడో వంతైనా ఒకదానిలో ఒకటి ఉండాలి. లేకపోతే వంగిపోతుంది. మళ్లీ కలిపేటప్పుడు లోపలి రెండు యోక్‌లు (క్రాసుని పట్టే పంగలు) ఒకే తలంలో ఉన్నాయో లేదో చూడండి. ఒక పన్ను తప్పినా బండి అంతా అదురుతుంది, క్రాసులు త్వరగా అరుగుతాయి.

రోటవేటర్‌ని బాగా పైకి ఎత్తేముందు పీటీవో ఆపాలి. షాఫ్ట్ కోణం 30 డిగ్రీలు దాటాక తిప్పితే క్రాసు ఎక్కువకాలం ఉండదు.

ఇరుసు
చూశారా తోటకాపరి గారూ, ఒక్క రోటవేటర్‌కి ఇంత తతంగం. లోడర్‌కి రెండు పిన్నులు, నాలుగు గొట్టాలు, అంతే.

స్ప్లైన్‌6
తతంగం ఒక్కసారే. లోడర్ బరువు మాత్రం బకెట్ నింపిన ప్రతిసారీ మీదపడుతుంది. లెక్క చూడండి. బకెట్‌లో 200 కిలోలు, ముందు ఇరుసుకు 1 మీటరు ముందున్నాయి అనుకుందాం. ముందు ఇరుసు మీద పెరిగేది 200 కాదు, 200 × 2.5 ÷ 1.5, అంటే 333 కిలోలు. లోడర్ ఇనుము ఇంకో 200, అదంతా దాదాపు ముందు ఇరుసు మీదే. మొదటి 380 కలిపితే ముందు 913 కిలోలు. వెనక 520లోంచి 133 పోయి 387 మిగిలింది. ఖాళీ బండి మొత్తం బరువంత ఒక్క ముందు ఇరుసే మోస్తోంది. దాంట్లో ఉన్నవి చిన్న బెవెల్ గేర్లు, చిన్న బేరింగులు.

ఇరుసు
అందుకే కదా నీళ్లు పట్టించమన్నది! రెండు టైర్లలో 150 లీటర్లు పడితే వెనక 537 అవుతుంది. చక్రం జారదు, వెనక లేవదు. ఇంకేం కావాలి?

స్ప్లైన్‌6
ముందు ఎంత అయింది? అదే 913. టైర్లో నీళ్లు వెనక ఇరుసు మీదే కూర్చుంటాయి, ముందు ఇరుసు నుంచి ఒక్క కిలో కూడా తీసెయ్యలేవు. అది తియ్యాలంటే బరువు వెనక ఇరుసుకి అవతల, త్రీ పాయింట్‌కి (వెనక లిఫ్ట్ లింకులకి) వేలాడాలి. 250 కిలోల పెట్టె 1 మీటరు వెనక ఉంటే ముందు నుంచి 167 తగ్గి 746కి వస్తుంది, వెనక 804 అవుతుంది. మీరు మొదటి పోస్టులో ఆ పెట్టె ఊసే ఎత్తలేదు.

ఇరుసు
నీళ్లు పట్టు కోసం. మీరు ఇరుసు గురించి మాట్లాడుతున్నారు, నేను పట్టు గురించి.

స్ప్లైన్‌6
అడిగినాయనకి ఉన్నది ఒకటే ముందు ఇరుసు. అందుకే ఇరుసు గురించే మాట్లాడుతున్నాను.

గ్రీజుగన్
నీళ్లలో కాల్షియం క్లోరైడ్ కలపమని చెప్పేవాళ్లుంటారు. గడ్డకట్టే చలి లేనిచోట దాని అవసరం లేదు, రిమ్ములు తినేస్తుంది.

తోటకాపరి
వెనక పెద్ద టైర్లు వేయిస్తే పట్టు, ఎత్తు రెండూ వస్తాయి కదా అని ఒకరు అన్నారు.

బెల్‌హౌసింగ్
వేయించకండి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు చక్రాలు వెనకవాటికంటే 1 నుంచి 5 శాతం ఎక్కువ దూరం తిరిగేలా గేర్లు కూర్చి ఉంటారు. వెనక టైరు చుట్టుకొలత పెరిగితే ఆ లెక్క తప్పుతుంది. గట్టి నేల మీద ఫోర్ వీల్ వేసినప్పుడు ముందూ వెనకా ఒకదాన్నొకటి లాక్కుంటాయి, లివర్ బయటికి రాదు, చివరికి ముందు డ్రైవ్ గేర్లు విరుగుతాయి. మార్చాలనుకుంటే నాలుగూ కలిపి, కంపెనీ పట్టికలో ఉన్న జతలోనే మార్చాలి. గడ్డి నేల ఎక్కువైతే పారిశ్రామిక గుబ్బల టైర్లు బాగుంటాయి గానీ బురదలో అవి పనికిరావు.

ఇరుసు
రోటవేటర్‌కి మాత్రం లెక్కలు లేవా? అది వెనక వేలాడుతుంది. అది ముందు ఇరుసుని తేల్చేస్తుంది. అది చెప్పరేం?

స్ప్లైన్‌6
చెబుతాను. 300 కిలోల రోటవేటర్ వెనక ఇరుసుకి 1.1 మీటర్ల వెనక ఉంటే, ఎత్తినప్పుడు ముందు నుంచి 220 పోతుంది, మిగిలేది 160. స్టీరింగ్ మాట వినాలంటే ఖాళీ బండి బరువులో 20 శాతమైనా ముందు ఉండాలి, అంటే 180. తక్కువ పడింది. ముందు బ్రాకెట్ మీద 20 కిలోల బిళ్లలు రెండు వేస్తే చాలు. బ్రాకెట్ ఇరుసుకి 60 సెంటీమీటర్ల ముందుంటే ఒక్కో బిళ్ల 28 కిలోల పని చేస్తుంది. 1 మీటరు రోటవేటర్ అయితే బరువే తక్కువ, ఒక బిళ్లతో సరిపోవచ్చు. ఇదీ నేను చెప్పే మార్పు: రెండు బిళ్లలు, ఒక బ్రాకెట్.

లిఫ్ట్ 750 అన్నది కూడా కింది లింకుల చివర, గుండ్ల దగ్గర కొలిచిన అంకె అయ్యుంటుంది. 610 మిల్లీమీటర్ల వెనక కొలిస్తే అందులో మూడో వంతు పోవడం మామూలే. పుస్తకంలో రెండంకెలూ ఉంటాయి, రెండోదే చూసుకోండి.

ఇరుసు
లెక్కలు, లెక్కలు. కాగితం మీద కిలోలు కూడితే పని అయిపోతుందా? పార పట్టి బండెడు ఎరువు ఎత్తి చూడండి, అప్పుడు తెలుస్తుంది లోడర్ దేనికో.

స్ప్లైన్‌6
మీ మాట నమ్మి ముందు హబ్ సీళ్లు కారించుకున్నవాళ్లకి ఆ గేర్లు మీరు కొనిస్తారా? రెండే పనిముట్లకి డబ్బుంది అన్న మనిషికి, బండి మోయలేని దాన్ని అంటగట్టడం సలహా ఎలా అవుతుంది?

ఇరుసు
అంటగట్టడమా? మీరు చెప్పేది మాత్రం ఏమిటి? రోటవేటర్ తగిలించి, దింపి, గడ్డి కోసే స్లాషర్ తగిలించి, అది దింపి, మోత పెట్టె తగిలించి. ఇద్దరు మనుషులుంటే సరే. ఒక్కరే ఉన్నప్పుడు 300 కిలోల రోటవేటర్‌ని గడ్డపారతో జరుపుతూ పిన్ను దగ్గరికి తేవాలి, కింద దూరి షాఫ్ట్ ఎక్కించాలి. రోజంతా దున్నేవాళ్లకి అదొక లెక్క కాదు. పొద్దున మోత, మధ్యాహ్నం కోత, సాయంత్రం మళ్లీ మోత ఉన్నవాళ్లకి సగం పొద్దు అందులోనే పోతుంది. లోడర్ ఉంటే వెనక ఏదున్నా ముందు మోత ఆగదు. నేను మొదటినుంచీ చెబుతున్నది అదే!

స్ప్లైన్‌6
మొదటినుంచీ మీరు నీళ్లే చెప్పారు. ఈ మాట ఇప్పుడు చెప్పారు, ఇది ఒప్పుకోవలసిన మాట. నేను వరుసగా గంటలు గంటలు దున్నే పనిని దృష్టిలో పెట్టుకుని మాట్లాడాను. అక్కడ పోయేది బండి ఆయుష్షు. మీరు చెప్పేచోట పోయేది మనిషి పొద్దు. ఇందులో తనకు ఏది భారమో తోటకాపరి గారే చెప్పాలి.

అయినా దానికి మందు లోడర్ ఒక్కటే కాదు. కింది లింకుల కొసలు బయటికి సాగే రకమైతే బండిని అంగుళం అటూ ఇటూ పెట్టినా పిన్ను దొరుకుతుంది. పనిముట్టు కింద చక్రాల స్టాండు ఉంటే ఒక్కరే జరపొచ్చు.

బెల్‌హౌసింగ్
క్విక్ హిచ్ (త్వరగా తగిలించే ఫ్రేము) అంటారేమో, అది పనిముట్టుని 10 సెంటీమీటర్లు వెనక్కి నెడుతుంది. లిఫ్ట్ శక్తి ఇంకా తగ్గుతుంది, షాఫ్ట్ పొడవు మళ్లీ సరిచూడాలి. చిన్న బండికి సాగే కొసలే నయం. కేటగిరీ 1 పనిముట్లే కొనండి: కింద పిన్ను 22 మిల్లీమీటర్లు, పైన 19. ఒక్కటి కేటగిరీ 2ది వచ్చినా బుష్షులతో తంటాలే.

పచ్చగడ్డి
స్లాషర్ కొంటే ఓవర్‌రన్నింగ్ క్లచ్ (ఊపుని ఒకవైపే పంపేది) మర్చిపోకండి. పీటీవో విడిగా ఆగని బండి అయితే, మీరు క్లచ్ తొక్కినా తిరిగే బ్లేడ్ల ఊపు గేర్‌బాక్స్ గుండా వచ్చి బండిని ముందుకి నెడుతుంది. చెట్టు దగ్గర అది ప్రమాదం. ఆ ముక్క కూడా షాఫ్ట్ పొడవు పెంచుతుంది, కొలిచాకే కొయ్యండి.

తోటకాపరి
పని చేసేది నేనొక్కడినే. కానీ మోత వారానికి ఒకరోజు, దున్నడం కోత ఎక్కువ. 1 మీటరు రోటవేటర్ స్లిప్ క్లచ్‌తో (భారం మించితే జారేది), వెనక తగిలించే మోత పెట్టె, ముందు బిళ్లలు రెండు, సాగే కొసలు. లోడర్ తర్వాత చూస్తాను.

ఇరుసు
తర్వాత చూసేటప్పుడు ఆ మోత పెట్టెనే రాళ్లతో నింపి వెనక బరువుగా వాడుకోండి, వేరే కొనక్కర్లేదు. బకెట్ మాత్రం బండి వెడల్పుకి మించనివ్వకండి, బరువు మోస్తున్నప్పుడు నేలకి అడుగు ఎత్తులోనే ఉంచండి. ఇప్పటికీ నేనైతే లోడరే ముందు కొంటాను.

గ్రీజుగన్
స్లిప్ క్లచ్ కంటే షియర్ బోల్టు (భారం మించితే తెగేది) చాలు కదా? సులువు.

స్ప్లైన్‌6
రాళ్లు, వేర్లు ఉన్న తోటలో బోల్టు మాటిమాటికీ తెగుతుంది. విసుగొచ్చి ఎవరో ఒకరు దాని చోట 10.9 గ్రేడు గట్టి బోల్టు పెట్టేస్తారు, ఆ తర్వాత తెగేది గేర్‌బాక్స్. తోటకి స్లిప్ క్లచ్చే మేలు. అయితే నెలల తరబడి పక్కన పెట్టాక దాని ప్లేట్లు తుప్పుతో అతుక్కుపోతాయి, అప్పుడు అది ఉన్నా లేనట్టే. సీజన్ మొదట్లో స్ప్రింగుల పొడవు కొలిచి రాసుకోండి. నట్లన్నీ సమానంగా వదులు చెయ్యండి. ప్లేట్ల అంచుమీద సుద్దతో గీత గీసి, రోటవేటర్‌ని నేలలోకి దించి, ఇంజిన్ నెమ్మదిగా ఉండగా పీటీవోని రెండు మూడు క్షణాలు వేసి ఆపండి. బండి ఆపేసి, తాళం తీశాకే దగ్గరికి వెళ్లి గీత చూడండి. గీత జరిగితే ప్లేట్లు విడిపోయినట్టు. నట్లు మళ్లీ రాసుకున్న పొడవుకే బిగించండి, అంతకు మించి ఒక్క చుట్టు కూడా వద్దు.