కాన్యన్ డి షే లోపలికి నవాహో గైడ్ లేకుండా దిగనివ్వరు, ఇది కరెక్టేనా?

ఫీనిక్స్_శ్రీను:
మొన్న లాంగ్ వీకెండ్‌కి అమ్మానాన్నల్ని తీసుకుని చిన్లే దగ్గర కాన్యన్ డి షే లోయకి వెళ్ళాం, ఆరిజోనా ఈశాన్య మూలన నవాహో నేషన్‌లో, అంటే నవాహో అనే అమెరికా ఆదివాసీ తెగ వాళ్ళ సొంత ప్రాంతంలో ఉంటుంది. పైన లోయ అంచు వెంట వెళ్ళే రిమ్ డ్రైవ్ మొత్తం ఫ్రీ, ఎంట్రీ ఫీజు కూడా లేదు. స్పైడర్ రాక్ వ్యూ పాయింట్ దగ్గరైతే నాన్న అసలు కదల్లేదు, లోయ అడుగు నుంచి 700 అడుగులు దాటి నిలబడిన రాతి స్తంభం అది. కానీ కిందకి దిగాలంటే మాత్రం నవాహో గైడ్ ఉండి తీరాలట, మనకి ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా సరే. జీప్ టూర్ మనిషికి వంద డాలర్లకి అటూ ఇటూ చెప్పారు, మేం నలుగురం, దిగకుండానే వచ్చేశాం. బోర్డు మీద చూస్తే నేషనల్ మాన్యుమెంట్ అని ఉంది, అమెరికా ప్రభుత్వ పార్క్ సర్వీస్ వాళ్ళున్నారు, అంటే మన టాక్స్ డబ్బులే కదా. గ్రాండ్ కాన్యన్‌లో ఎవరి ఓపికని బట్టి వాళ్ళు దిగి ఎక్కుతారు, ఎవరూ ఆపరు. గైడ్ కావాలన్నవాళ్ళు పెట్టుకుంటారు, కంపల్సరీ ఎందుకు చేయాలి? కిందకి తీసుకెళ్ళడానికి ఒక్కళ్ళకే హక్కు అంటే మోనోపలీ కాదా? దీని మీద మీరంతా ఏమంటారు?

డల్లాస్_రవి:
నాదీ అదే మాట శ్రీనూ. పేజ్ అనే ఊరి దగ్గర యాంటిలోప్ కాన్యన్‌లో కూడా గైడ్ తప్పనిసరే, కానీ అక్కడ కారణం ఉంది. 1997 ఆగస్టు 12న లోయర్ యాంటిలోప్‌లో 11 మంది టూరిస్టులు వరదలో పోయారు, వాన పడింది అక్కడ కాదు, మైళ్ళ అవతల ఎగువన. ఆ తర్వాతే ఇనుప నిచ్చెనలు బిగించి వార్నింగ్ సిస్టమ్ పెట్టారు. అక్కడ గోడలు రెండు భుజాలకీ తగులుతుంటాయి, పరిగెత్తడానికి చోటుండదు. డి షే అలా కాదుగా, వెడల్పాటి లోయ, అక్కడ సేఫ్టీ అనేది సాకులాగే అనిపిస్తోంది నాకు.

అరకు_పద్మ:
రవి గారూ, సేఫ్టీ సంగతి తర్వాత చెప్తా, అసలు అది సేఫ్టీ కోసం పెట్టిన రూల్ అనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. ఆ నేల పార్క్ సర్వీస్‌ది కాదండీ. మొత్తం నవాహోల ట్రస్ట్ ల్యాండ్, అంటే వాళ్ళ కోసం అమెరికా ప్రభుత్వం ట్రస్ట్‌లో ఉంచిన నేల, 1931లో మాన్యుమెంట్ చేసినప్పుడు వాళ్ళ కౌన్సిల్ ఒప్పుకుంటేనే చేశారు, ఆ చట్టంలోనే నేల మీద, ఖనిజాల మీద హక్కు వాళ్ళదేనని, పశువులు మేపుకోవచ్చని, వచ్చినవాళ్ళకి గుర్రాలు అద్దెకిచ్చే విషయంలో కూడా మొదటి హక్కు నవాహోలదేనని రాసి ఉంది. కాబట్టి శ్రీను గారు అన్న 'ఒక్కళ్ళకే హక్కు' అనేది ఈమధ్య ఎవరో వ్యాపారం కోసం కనిపెట్టింది కాదు, ఆ షరతు మీదే మనందరికీ ఆ లోయ చూడ్డానికి దొరికింది.

ఇంకోటి, గ్రాండ్ కాన్యన్‌తో పోలిస్తే ఇక్కడ లోయ అడుగునే మనుషులుంటారు. ఒక 40 కుటుంబాల దాకా, మొక్కజొన్న వేసుకుంటారు, గొర్రెలుంటాయి, హోగన్లుంటాయి, అంటే వాళ్ళ సంప్రదాయ ఇళ్ళు. మీ వాకిట్లోంచి రోజూ వందమంది కెమెరాలు పట్టుకుని నడిస్తే మీరు ఊరుకుంటారా చెప్పండి.

మేం పోయినేడాది దిగాం. గైడ్ పెద్దాయన, వాగు ఇసుకలో ఒకచోట జీప్ ఆపేసి దిగి, తడి ఇసుకని బూటు మడమతో రెండుమూడు చోట్ల తొక్కి చూసి, వెనక్కొచ్చి ఇంకో వైపు నుంచి పోనిచ్చాడు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి నాకు. ఎండాకాలం ముందు చుస్కా కొండల మంచు కరిగి నీళ్ళొస్తాయి, ఊబి ఎక్కడుందో వారానికోసారి మారుతుంది. ఇదీ సేఫ్టీ సంగతి, కానీ ఊబి లేకపోయినా నా మాట మారదు.

అక్కడ పీచ్ చెట్లు చూపించాడు, చిన్న తోట. 1864లో అమెరికా సైనికాధికారి కిట్ కార్సన్ సైన్యం వచ్చి ఈ లోయలో ఇళ్ళు పంటలు తగలబెట్టింది, ఆ ఏడాదే ఇంకో దళం వచ్చి వేల పీచ్ చెట్లు నరికేసింది, తిండి లేకపోతే లొంగుతారని. 8,000 మందికి పైగా నవాహోల్ని న్యూ మెక్సికోలో ఫోర్ట్ సమ్నర్‌కి మూడొందల మైళ్ళు నడిపించారు. నాలుగేళ్ళకి, 1868 జూన్‌లో ఒప్పందం, వాళ్ళ తరఫున మాట్లాడినాయన బార్బోన్సిటో, ఈ లోయలో పుట్టినవాడే, అమెరికా జనరల్ షెర్మన్ మిమ్మల్ని ఓక్లహోమా వైపు పంపిస్తామంటే ససేమిరా అని సొంత నేలకే తిరిగొచ్చారు. అలా తిరిగొచ్చినవాళ్ళ మునిమనవలు ఇవాళ 'మేం తోడుంటేనే దిగండి' అంటుంటే అది మోనోపలీ అనడం నాకు చాలా బాధగా ఉంది.

మాది అనంతగిరి మండలం. గిరిజనుల నేల బయటివాళ్ళ చేతికి పోకుండా 1/70 చట్టం ఎందుకొచ్చిందో, బొర్రా చుట్టుపక్కల మైనింగ్ లీజుల మీద కొట్లాడితే 1997లో సమత తీర్పు ఎలా వచ్చిందో తెలిసిన ఇంట్లోంచి వచ్చాను, అందుకే ఇంత పెద్ద పోస్ట్.

డల్లాస్_రవి:
పద్మ గారూ, హిస్టరీ అంతా ఒప్పుకుంటా, నేల వాళ్ళదే. కానీ కొనేవాడిగా నా మాట కూడా వినండి. యాంటిలోప్‌లో మా బ్యాచ్‌ని గైడ్ తరిమినంత పని చేశాడు, ఫోన్ తీసుకుని ఇక్కడ ఫొటో అక్కడ ఫొటో అంటూ ఫిల్టర్ మార్చి ఇవ్వడమే, ఆ రాళ్ళ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. వేరే దారి లేనప్పుడు సర్వీస్ బాగా చేయాల్సిన అవసరం ఎవరికుంటుంది?

అరకు_పద్మ:
అది న్యాయమైన కంప్లయింటే. యాంటిలోప్‌లో రద్దీ అలా ఉంది, ఒక బ్యాచ్ వెనక ఇంకో బ్యాచ్. అందుకే నేను అందరికీ డి షే చెప్తుంటా, బుక్ చేసేముందు ఫోన్ చేసి గైడ్ వాళ్ళ కుటుంబం లోయలో ఉంటుందా అని అడగండి, ఉంటే కథలే వేరు. డి షేలోనే ఒక పాయ అయిన కాన్యన్ డెల్ మ్యూర్టో వైపు గోడ మీద గుర్రాల మీదొస్తున్న స్పానిష్ సైనికుల బొమ్మలున్నాయి, అంగీ మీద శిలువతో సహా. 1805లో అక్కడ గుహలో దాక్కున్న ఆడవాళ్ళనీ పిల్లల్నీ కాల్చి చంపారు, ఆ సంగతి మా గైడ్ పెద్దాయన గొంతు తగ్గించి చెప్పాడు, బోర్డు మీద చదివితే అలా ఎక్కదు.

ఫీనిక్స్_శ్రీను:
పద్మ గారూ, నేల వాళ్ళదైతే రూల్ పెట్టే హక్కూ వాళ్ళదే, దాని మీద ఇంక నేను వాదించను. కానీ వంద డాలర్లు అందరి వల్లా కాదు. ఇంతకుముందు వైట్ హౌస్ ట్రెయిల్ ఒక్కటి గైడ్ లేకుండా దిగనిచ్చేవాళ్ళు, 2020లో మూసేశారు. ఆ ఒక్క దారైనా తెరిస్తే స్టూడెంట్స్ లాంటివాళ్ళు కూడా కింద నుంచి చూస్తారు కదా. ఇది అడగడం తప్పా?

అరకు_పద్మ:
తప్పేం కాదు శ్రీను గారూ, తెరిస్తే నాకూ ఇష్టమే. కాకపోతే తెరవాలా వద్దా అన్నది కింద ఉంటున్న కుటుంబాలని అడిగి తేల్చాలి, ఈ థ్రెడ్‌లో మనం ఓటేసి కాదు. మీ అమ్మానాన్నలు తిరిగెళ్ళేలోపు ఇంకోసారి ప్లాన్ చేయండి, జీప్ కుదుపులకి నడుం నొప్పి ఉన్నవాళ్ళని ముందు సీట్లో కూర్చోబెట్టమనండి. వేసవిలో అయితే టైమ్ చూసుకోండి, చిన్లేలో గడియారం ఫీనిక్స్ కంటే గంట ముందుంటుంది.